కేరాఫ్ జకరయ్య మేష్టారు, నడిమిలంక

1932 ఆగస్టులో ఒక బుధవారం మధ్యాహ్నం, కొల్లేటి నడుమ ఉన్న నడిమిలంకలో, మిషను బడి అరుగు మీద ఒక పోలీసు ఇనస్పెక్టరు నన్నొక ప్రశ్న అడిగాడు. నేను జవాబు చెప్పాను. ఆ జవాబులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. తపాలా శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసి బయటికొచ్చాను. ఆ ముప్పై మూడేళ్లలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఆ జవాబే.

పోస్టాఫీసులో పనిచేశానని తెలిస్తే జనం నవ్వుతూ ఒక మాట అడుగుతారు: "అయితే మా ఉత్తరాలు విప్పి చూసేవారా అండీ?" ఇన్నేళ్లుగా ఆ మాటకి ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు తిన్నగా చెబుతున్నాను. నేను విప్పలేదు. విప్పేవాళ్లకి అందించాను.

అప్పట్లో నేను ఏలూరు పెద్ద పోస్టాఫీసులో సార్టింగు గుమాస్తాని. సార్టింగు అంటే సంచిలో వచ్చిన ఉత్తరాల్ని ఊళ్లవారీగా విడదీయడం. గోడకి ఆనించి పావురాల గూళ్లలాగా గళ్లు గళ్లుగా ఒక చెక్క బీరువా ఉండేది. ఒక్కో గడి ఒక్కో దారి. నాది చురుకు చెయ్యి. చిరునామా సగం చదివేసరికి ఉత్తరం గడిలో పడేది. దస్తూరీ చూసి ఏ ఊరినుంచి వచ్చిందో, ఒక్కోసారి ఎవరు రాశారో కూడా చెప్పేవాణ్ణి. తోటి గుమాస్తాలు దీన్ని విద్య అనేవారు. నేను కాదనేవాణ్ణి కాదు.

ఆ బీరువాలో అందరికీ తలనొప్పి తెచ్చే గడి కొల్లేటి లంకలది. లంక అంటే సరస్సు మధ్య మెరక మీద వెలిసిన ఊరు. వానలు పడ్డాక దోనె తప్ప వేరే దారి ఉండదు. వారానికి రెండుసార్లు రన్నరు, అంటే టపా సంచి మోసుకెళ్లే మనిషి, ఒడ్డు దాకా నడిచి అక్కణ్ణుంచి దోనెలో నడిమిలంక రేవుకి వెళ్లేవాడు. చుట్టుపక్కల ఉన్న మిగతా లంకలకి తిరిగే తీరిక అతనికి ఉండేది కాదు. చిరునామాలా, "కొల్లేటిలో వెంకన్న తల్లి అచ్చమ్మకు అందజేయవలెను" అన్న తీరులో ఉండేవి. ఆ చుట్టుపక్కల నాకు తెలిసి నలుగురు అచ్చమ్మలు. లంకల మగవాళ్లు చాలామంది రంగూను ధాన్యం మిల్లుల్లో పనికి పోయేవారు. వాళ్ల ఉత్తరాలు సముద్రం దాటి ఏలూరు దాకా వచ్చి, చివరి ఆమడ దూరంలో దారితప్పి వెనక్కిపోయేవి.

1930 చలికాలంలో ఆ దారి తనిఖీ చెయ్యమని నన్ను పంపించారు. జకరయ్య మేష్టారిని మొదట చూసింది అప్పుడే. మిషను బడిలో ఆయనొక్కరే పంతులు. నలభై దాటిన మనిషి, ముతక చొక్కా, గోళ్ల సందుల్లో సుద్ద. ఆదివారం ప్రార్థన అయ్యాక బడి అరుగు మీద జనం కూర్చున్నారు. ఊరికి ఎడంగా ఉన్న పేటలోని క్రైస్తవులే కాదు, చుట్టూ లంకల నుంచి దోనెల్లో వచ్చిన చేపలవాళ్లు కూడా. అందరి చేతుల్లోనూ ఉత్తరాలే. ఆయన ఒక్కోటి తీసుకుని, ముందు మొత్తం తనలో తాను చదువుకునేవారు. తరువాత చుట్టూ చూసి "అందరూ వినండమ్మా, పెళ్లి కబురు" అనో, "మీరంతా కాసేపు రేవు దగ్గరికి వెళ్లిరండి" అనో అనేవారు. ఆ లంకలన్నిటికీ ఆయన కళ్లే కళ్లు. ఆయన లేకపోతే ఆ కాగితాల మీద ఉన్నది వాళ్లకి ఉత్త సిరా.

నాకొక ఉపాయం తోచింది.

"ఏవండీ మేష్టారూ, అందరి ఉత్తరాలూ ఎలాగూ మీ దగ్గరికే వస్తున్నాయి కదా. మీ పేరుతోనే రాయమని అందరికీ చెప్పెయ్యండి. కేరాఫ్ జకరయ్య మేష్టారు, నడిమిలంక. అంతే. మాకు వెతుకులాట తప్పుతుంది."

"దానికి మీ పైవాళ్ల అనుమతి అక్కర్లేదాండీ?"

"ఈ మాత్రం దానికి అనుమతేమిటండీ. నేను చూసుకుంటాగా."

కేరాఫ్ అంటే ఫలానావారి ద్వారా అని. కొన్నాళ్లకి రాసేవాళ్లు అసలు మనిషి పేరు లోపలి కాగితం మీద వేసి, పైన మేష్టారి పేరొక్కటే రాయడం మొదలుపెట్టారు. కొల్లేటి ఉత్తరాలు వెనక్కి రావడం ఆగిపోయింది. మా సూపరింటెండెంటు గారు మెచ్చుకున్నారు. ఎలా జరిగిందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పైవాళ్ల అనుమతి లేకుండా చేసిన పని కదా.

రెండేళ్లు గడిచాయి. శాసనోల్లంఘన ఉద్యమం రెండోసారి లేచింది. సర్కారు ఆర్డినెన్సులు తెచ్చి దొరికినవాణ్ణి దొరికినట్టు లోపల వేస్తోంది. చాటుగా అచ్చువేసిన కరపత్రాలు ఊరూరా తిరుగుతున్నాయి. ఒక కట్ట కొల్లేటి రేవులో ఎవరూ లేని దోనెలో దొరికింది. ఆ కట్టని పట్టుకుని మా ఆఫీసుకి వచ్చినవాడు రామ్మూర్తి. సి.ఐ.డి.లో హెడ్ కానిస్టేబులు. మామూలు బట్టల్లో, జరీ అంచు కండువాతో, బుగ్గన లవంగంతో తిరిగేవాడు. సబ్‌ఇనస్పెక్టరు కావాలన్న ఆత్రం అతని నడకలోనే కనపడేది.

"ఏవండీ సుబ్బారావు గారూ, మీ చేతిలోంచి దాటిన ఉత్తరం మీకు ఏడాది తరవాత కూడా గుర్తుంటుందటగా?"

"అంత లేదండీ."

"మీరలా అంటే నేను నమ్మాలా? మీలాంటివాళ్లు నలుగురు మా డిపార్టుమెంటులో ఉంటే ఈపాటికి జిల్లా అంతా హాయిగా నిద్రపోయేదండీ."

నాకప్పుడు అపరాధ పరిశోధక నవలల పిచ్చి. గూఢచారులు, మారువేషాలు, రహస్య లేఖలు ఉంటే చాలు, అన్నం కూడా అక్కర్లేదు. ఈ సంగతి రామ్మూర్తి రెండో రోజుకే పసిగట్టాడు. మూడో రోజు ఒక నవల తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "చదవండి. ఇందులో గూఢచారి ఉన్నాడు. అచ్చం మీరే," అన్నాడు. నన్ను పట్టుకోవడానికి అతనికి అయిన శ్రమ అంతే.

కొల్లేటిలో ఎక్కువ ఉత్తరాలు ఎవరికొస్తాయని అడిగాడు. నేను ఆలోచించకుండా చెప్పాను. తరువాత పోస్టుమాస్టరు గారి ద్వారా రాతపూర్వకంగా ఉత్తర్వు వచ్చింది. ఆ పనిని మా శాఖలో వాచ్ అంటారు. ఫలానా పేరుతో వచ్చే ప్రతి ఉత్తరాన్నీ పక్కన పెట్టి, తేదీ, ముద్ర ఏ ఊరిది, కవరా కార్డా, మందం ఎంత, ఇవన్నీ ఒక ఫారం మీద ఎక్కించి పోలీసువారికి చూపాలి. వాళ్లు చూసి ఇచ్చాక బట్వాడాకి పంపాలి. ఫారం చివర రిమార్క్స్ అని ఒక గడి. గుమాస్తాకి తెలిసిన విశేషం ఏదైనా ఉంటే అందులో రాయాలి.

మూడు వారాల్లో నలభై మూడు ఉత్తరాలు వచ్చాయి.

"నలభై మూడా!" రామ్మూర్తి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఏలూరులో పేరున్న వకీలుకి కూడా రావండీ ఇన్ని! రంగూనట, రాజమండ్రి జైలట, బెజవాడట. ఒక లంకలో పలకలు దిద్దించేవాడికి! సుబ్బారావు గారూ, మీరు గట్టి చేపనే పట్టారండీ."

ఆ ఉత్తరాలు మేష్టారివి కావని ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఏర్పాటు చేసినవాణ్ణే నేను. రిమార్క్స్ గడిలో ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. రాయలేదు. ఎందుకు రాయలేదని నన్ను నేను ఎన్నోసార్లు అడుక్కున్నాను. అనుమతి లేని ఏర్పాటు చేసినందుకు సంజాయిషీ అడుగుతారన్న భయం ఒకటి. రామ్మూర్తి మొహంలో ఆ మెరుపు ఆరిపోతుందన్న బెంగ ఇంకొకటి. మూడోది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, చెప్పాలి. ఆయన పేట మనిషి. నాకు బంధువు కాడు, నా వీధి వాడు కాడు, ఆయనకి ఏమైనా అయితే నన్ను నిలదీసేవాడు మా వాళ్లలో ఎవడూ లేడు. అదే ఒక వకీలు గారి పేరైతే ఆ గడి నిండా రాసేవాణ్ణి.

పోలీసువారు ఉత్తరాలు విప్పి చూస్తే వాటిలో ఉన్నవి కడుపునొప్పి కబుర్లూ, పెళ్లి కబుర్లూ. రెండు మాత్రం రాజమండ్రి జైలునుంచి వచ్చాయి. పికెటింగులో పట్టుబడ్డ ఒక లంక కుర్రాడు తల్లికి రాసినవి. రెండింటి చివరా "మేష్టారికి నా నమస్కారాలు" అని ఉంది. రామ్మూర్తికి ఆ నమస్కారాలు చాలు.

బుధవారం పొద్దున రెండు దోనెల్లో బయల్దేరాం. ఇనస్పెక్టరు, రామ్మూర్తి, నలుగురు కానిస్టేబుళ్లు, పోస్టు ముద్రలు గుర్తుపట్టడానికి నేను. తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండుగా ఉంది. రామ్మూర్తికి నీళ్లంటే భయం. రెండు చేతులతో దోనె అంచులు పట్టుకుని అటూ ఇటూ కదులుతున్నాడు.

"హెడ్డు గారూ, కదలకండి," అన్నాడు దోనె నడిపేవాడు. "కొల్లేరు మీ ఆర్డినెన్సు వినదండి."

నేను నవ్వాను. నవలలో ఒక ప్రకరణంలోకి వెళ్తున్నట్టు నాకు హుషారుగా ఉంది. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

బడి వదిలిపెట్టే వేళ. మేష్టారు పోలీసుల్ని చూసి ముందు బెదిరారు. తరువాత వాళ్ల వెనక నన్ను చూశారు. ఆయన మొహం విప్పారింది.

"సుబ్బారావు గారు కూడా వచ్చారే! రండి, రండి. ఏవో అనుమానాలున్నట్టున్నాయి వీళ్లకి. మీరున్నారుగా, ఇంక ఫర్వాలేదు."

ఆయన పెట్టె తెరిచారు. అందులో ఎనభై పైచిలుకు ఉత్తరాలు, ఒక్కో ఇంటివి ఒక్కో తాడుతో కట్టి ఉన్నాయి.

"ఇవన్నీ నీ దగ్గరెందుకున్నాయి?" అన్నాడు ఇనస్పెక్టరు.

"వీళ్లవి కిక్కిస గడ్డితో కప్పిన గుడిసెలండీ. వరదొస్తే మొదట తడిసేది కాగితమే. బడికి పెంకులున్నాయి కదా అని నా పెట్టెలో దాచమంటారు."

"అన్నీ నీ పేరుతోనే ఎందుకొస్తున్నాయి?"

"అది పోస్టువారు చేసిన ఏర్పాటండీ. ఇదిగో, ఈ సుబ్బారావు గారే చెప్పారు. ఆయన్నే అడగండి."

ఇనస్పెక్టరు నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, మీ ఆఫీసులో అలాంటి ఏర్పాటేదైనా ఉందా?"

రామ్మూర్తి నన్నే చూస్తున్నాడు. మేష్టారూ నన్నే చూస్తున్నారు. ఆయన అప్పటికే సగం నవ్వు మొహంతో ఉన్నారు, గండం గడిచినవాడిలా.

"అలాంటి ఆర్డరు మా ఆఫీసులో ఏదీ లేదండీ," అన్నాను.

మేష్టారు నవ్వు తీసేయడం మర్చిపోయి అలాగే నిలబడ్డారు. "ఆర్డరు లేదండీ. నిజమే. కానీ మీరు ఆ రోజు..." అన్నారు.

"విన్నావుగా. నడువు," అన్నాడు రామ్మూర్తి.

జనం మూగారు. వాళ్లలోంచి ఒక ముసలామె కానిస్టేబులు చేతిలోని కట్టని పట్టుకుంది. వెంకన్న తల్లి అచ్చమ్మ. కొడుకు రంగూనులో ఉన్నాడు. "ఇయ్యి మాయి బాబూ! మా వోడు రాసినయ్యి! ఎక్కడికి పట్టుకుపోతన్నారు?"

"నీవేనని ఎలా తెలుసు? చదవగలవా?" అన్నాడు రామ్మూర్తి.

"చదవగలిగితే ఈ పంతులు గారికెందుకిత్తానయ్యా, తెలివైనోడా!"

కట్ట లాక్కున్నారు. తిరుగు ప్రయాణంలో మేష్టారు నాకెదురుగా కూర్చున్నారు. నీళ్ల వంకే చూశారు.

ఆర్డినెన్సు కింద విచారణ ఒక్క పూటలో ముగిసింది. జైలు ఉత్తరాలు రెండూ చదివారు. మిగతావి చదివే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఆరు నెలలు వేశారు. రాజకీయాల్లో దూరాడని మిషను వారు ఆయన పేరు కొట్టేశారు. బడికి తాళం పడింది. రామ్మూర్తి సబ్‌ఇనస్పెక్టరై వేరే జిల్లాకి వెళ్లిపోయాడు. నాకొక మెచ్చుకోలు కాగితం వచ్చింది.

ఆ తరువాతే అసలు పని మొదలైంది. కేరాఫ్ జకరయ్య మేష్టారు అన్న ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఆ మనిషేమో జైల్లో ఉన్నాడు. చిరునామాదారు దొరకని ఉత్తరాన్ని కొన్నాళ్లు ఉంచి, ఎర్ర ముద్ర వేసి వెనక్కి పంపాలి. పంపినవాడి చిరునామా కూడా లేకపోతే మద్రాసులో డెడ్ లెటర్ ఆఫీసుకి, అంటే దిక్కులేని ఉత్తరాల ఆఫీసుకి పంపాలి. ఆ ముద్ర వేసే పని నాదే. దస్తూరీలు గుర్తుపట్టే విద్య ఉంది కదా, ప్రతి ఉత్తరం ఎవరిదో నాకు తెలిసేది. ఇది అచ్చమ్మ కొడుకుది, ఇది ఫలానావాడి పెళ్లానికి. తెలిసీ ముద్ర వేసేవాణ్ణి. ఇంకోసారి రూలు తప్పి దొరికిపోతానని భయం.

రామ్మూర్తి వదిలేసి వెళ్లిన నవల ఒకటి నా సొరుగులో మిగిలింది. ఒక మధ్యాహ్నం తీసి చదవబోయాను. అందులో దేశాన్ని అమ్మజూసే పెద్ద దుర్మార్గుడొకడు ఉన్నాడు. వాడి కింద పై పదవి కోసం పాకులాడే చిల్లర దుర్మార్గుడొకడు. ఆ చిల్లరవాడి వెనక ఒక అనుచరుడు. తలుపు తీస్తాడు, దీపం పట్టుకుంటాడు, అడిగినప్పుడు "అవునండీ" అంటాడు. రచయిత వాడికి పేరు కూడా పెట్టలేదు. నేను ఇన్నాళ్లూ గూఢచారి వంతు నాదనుకున్నాను. పుస్తకం మూసేశాను. ఆ రకం నవల మళ్లీ ముట్టలేదు.

1933 ఎండాకాలంలో ఆఫీసు పని మీద తాడేపల్లిగూడెం వెళ్లాను. స్టేషను దగ్గర ఒక బియ్యం మిల్లు షెడ్డులో వరసగా కూర్చుని గోనెసంచుల మూతులు కుడుతున్నారు. వాళ్లలో ఒకాయన సూది పట్టుకున్న తీరు సుద్దముక్క పట్టుకున్నట్టుగా ఉంది. దగ్గరికి వెళ్లాను.

"మేష్టారూ," అన్నాను.

ఆయన తలెత్తారు. బాగా చిక్కిపోయారు. "ఓహో, మీరా అండీ. ఆ మాట గట్టిగా అనకండి. సంచులు కుట్టేవాడికి చదువొచ్చని తెలిస్తే మేస్త్రీకి అనుమానం వస్తుంది."

"నేను ఆ రోజు..."

"తెలుసండీ. లోపల ఆరు నెలలూ దాని గురించే ఆలోచించాను. మీరు అబద్ధమాడి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట పట్టుకోవచ్చు. మీరు చెప్పింది నిజమాయె. దాన్నెక్కడ పట్టుకుంటాం?"

నేను క్షమించమన్నాను. ఆయన దారం కొరికి, సంచి పక్కకి తోశారు.

"ఆదివారం ప్రార్థనలో అందరినీ క్షమిస్తానండీ. ఆ అందరిలో మీరూ ఉంటారు. నాకు మనసున్నా లేకపోయినా అది నేను చెయ్యాలి. దాంతో మీ పని తీరదు." సూదిలో దారం మళ్లీ ఎక్కిస్తూ అడిగారు. "లంకలో ఇప్పుడు ఉత్తరాలు ఎవరు చదువుతున్నారు?"

"ఎవరూ లేరండీ."

"మరి వచ్చినవి?"

నేను కుట్టిన సంచుల వైపు చూపు తిప్పుకున్నాను. ఆయనకి అర్థమైంది. చేతిలో సూది కాసేపు ఆగింది.

"అక్కడికి వెళ్లండి. నా దగ్గర నించుంటే ఏమొస్తుంది? ఆదివారం మీకు సెలవేగా. కానీ ఒకటి. చదవడానికి కూర్చునే ముందు మీరెవరో, ఏం చేశారో చెప్పండి. చెప్పకుండా కూర్చున్నారా, అది కూడా సి.ఐ.డి. పనే అవుతుంది."

"మీరు కూడా తిరిగి వస్తే..."

"ఏ మొహంతో రమ్మంటారండీ? వాళ్ల ఉత్తరాలు పోయింది నా పెట్టెలోంచి." మళ్లీ సంచి ముందుకి లాక్కున్నారు. "ఇంక వెళ్లండి. మేస్త్రీ చూస్తున్నాడు."

ఆ వారమే రెండు కాగితాలు రాశాను. ఒకటి మా సూపరింటెండెంటు గారికి, ఒకటి మిషను వారికి. ఆ కేరాఫ్ ఏర్పాటు నాదని, ఆ ఉత్తరాలు ఆయనవి కావని, తెలిసీ దాచానని సంతకం పెట్టాను. మా శాఖ నా సర్వీసు రికార్డులో ఎర్ర సిరాతో రాసి, ప్రమోషను ఆపేసింది. మిషను వారు విచారం తెలియజేస్తూ ఒక మర్యాదైన ఉత్తరం రాశారు. బడి తెరవలేదు. మేష్టారు తాడేపల్లిగూడెంలోనే ఉండిపోయారు. నేను ఏడాదికి రెండు మూడుసార్లు ఆయనకి ఉత్తరం రాసేవాణ్ణి. జవాబు ఒక్కసారీ రాలేదు.

లంకకి మాత్రం తొమ్మిదేళ్లు, సెలవు దొరికిన ప్రతి ఆదివారం వెళ్లాను. ఈ అనుభవం నాకు నేర్పింది పెద్ద సూత్రమేమీ కాదు. అడిగినదానికి సరిగ్గా సరిపోయేంత జవాబు చెప్పి ఊరుకునే గుమాస్తా, ఎదుటివాడి మెడ మీద కత్తి పెట్టినవాడితో సమానం. అది ఉద్యోగ ధర్మమని నన్ను నేను నమ్మించుకున్నాను. తొమ్మిదేళ్ల ఆదివారాలు నేను చేసినదాన్ని చెరిపేశాయని నేననను. మొదటి ఆదివారం ఏం జరిగిందో మాత్రం చెబుతాను.

తాళం వేసిన బడి అరుగు మీదే నిలబడ్డాను. పాతికమంది దాకా వచ్చారు. మేష్టారు చెప్పమన్నట్టే చెప్పాను: నేనెవరినో, ఆ రోజు ఏం దాచానో, ఆ తరువాత వాళ్ల ఉత్తరాల మీద ఎర్ర ముద్ర ఎవరు వేశారో. వెనకనుంచి ఒకడు "దోనె ఎక్కించి మధ్యలో దింపేద్దాం, ఈతొస్తే ఏలూరు పోతాడు" అన్నాడు. నవ్వులు వినిపించాయి. అవి మంచి నవ్వులు కావు.

అచ్చమ్మ ముందుకొచ్చింది. చేతిలో ఒక కవరు ఉంది. మూల నలిగింది. "ముందిది చదువు. తిట్టేది తరవాత తిడతాను. కలిదిండిలో మా తమ్ముడికొచ్చింది, మా వోడి కాడినించి. ఇదిగో ఈడే, ఈడికీ చదువు రాదు. ఇరవై రోజుల నించీ నా కాడే ఉంది."

చదివాను. వెంకన్న మేనమామకి రాయించిన ఉత్తరం. అమ్మకి రాసిన మూడు ఉత్తరాలూ ఎర్ర ముద్రతో వెనక్కి వచ్చాయట. మిల్లు గుమాస్తాని అడిగితే మనిషి దొరకలేదని ఉందన్నాడట. ఆ ఏడు కొల్లేటికి పెద్ద వరద వచ్చిందని ఓడలో వచ్చినవాళ్లు చెప్పారట. అమ్మ ఇక లేదని తేల్చుకుని, రంగూను ఏటి ఒడ్డున తల గొరిగించుకుని పిండం పెట్టానని రాశాడు. అమ్మే లేనప్పుడు ఆ ఊరితో నాకేం పని, ఇక రాను మామయ్యా, అని ముగించాడు.

అచ్చమ్మ అరుగు మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చాలాసేపు నన్ను తిట్టింది. నా తల్లినీ, నా ఉద్యోగాన్నీ, నా చేతినీ వేరువేరుగా తిట్టింది. ఎవరూ ఆపలేదు. నేనూ కదలలేదు. తిట్టి తిట్టి అలసిపోయి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"కాయితం తెచ్చావా?"

"తెచ్చానమ్మా."

"అయితే రాయి. నేను సావలేదని రాయి. బతికే ఉన్నానని, మీ మావయ్య పక్కనే కూకున్నాడని రాయి. రాశావా? ఆ మూడు ఉత్తరాలూ ఎనక్కెందుకొచ్చాయో అదీ రాయి. ఎవరు తోలారో పేరెట్టి రాయి. మా వోడు తల్లి బతికుండగా పిండం ఎందుకెట్టాడో ఆడికి తెలియొద్దూ?"

రాశాను. ఏలూరు పోస్టాఫీసులో సార్టింగు గుమాస్తాగా ఉన్న సుబ్బారావు అనే నేను, నీ ఉత్తరాలు నీ తల్లికి రాసినవని తెలిసి కూడా, ముద్ర వేసి వెనక్కి పంపాను అని రాశాను. రాయడం అయ్యాక, లంకలో ఆనవాయితీ ప్రకారం, మొదటినుంచి చివరిదాకా పైకి చదివి వినిపించాను. అందరూ విన్నారు.

అచ్చమ్మ తల అడ్డంగా ఊపింది.

"పేరు కాడికొచ్చేతలికి గొంతు తగ్గించావు. మళ్లీ చదువు."

మళ్లీ చదివాను.